వంటింట్లో చెప్పులేమిటి?

ఈ ప్రశ్న వినని తెలుగు స్త్రీ ఉంటుందా? అత్తగారు అడుగుతుంది, అమ్మ అడుగుతుంది, చుట్టపుచూపుగా వచ్చిన మేనత్త అడుగుతుంది. ఎవరూ అడక్కపోతే మనల్ని మనమే అడుక్కుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, గ్రానైటు పలకల మీద వట్టి కాళ్ళతో నిలబడి వంట మొదలుపెడతాం. మడమలో సూదులు గుచ్చుతున్నట్టు నొప్పి వచ్చాక డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన చెప్పే మొదటి మాట: ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వేసుకోండి. రెండో మాట: విశ్రాంతి తీసుకోండి. ఈ రెండు మాటల్నీ పట్టుకుని ఇంటికొచ్చిన స్త్రీ వాటిని ఏ గదిలో అమలు చెయ్యాలి? చెప్పులు వేసుకునే హక్కు లేదు, కూచునే తీరిక లేదు. మందుల చీటీ మడత పెట్టి డబ్బాలో దాచుకోవడమే.

పాదాల గురించి మన పత్రికల్లో వచ్చే రాతలు రెండు రకాలు. ఒకటి అందం పేజీ. గోరువెచ్చని నీళ్ళు, నిమ్మచెక్క, తేనె, గోళ్ళరంగు. రెండోది ఆరోగ్యం పేజీ. బరువు తగ్గండి, ఎత్తు మడమల చెప్పులు మానండి, విశ్రాంతి తీసుకోండి. మొదటిదానికి పాదం ఇతరులు చూసే వస్తువు. రెండోదానికి ఎముకలూ నరాలూ ఉన్న యంత్రం. ఆ పాదం రోజుకి ఎన్ని గంటలు, ఏ నేల మీద, ఎవరి కోసం నిలబడుతోంది అన్న ప్రశ్న రెండింటిలోనూ రాదు. నా ఫిర్యాదు ఈ రెండింటి మీదా. పాదాల జబ్బుల్లో చాలావాటికి వైద్యం ఖరీదైనది కాదు, కొత్తగా కనిపెట్టాల్సిందీ కాదు. అయినా అది స్త్రీల దాకా రావడం లేదు. ఎందుకంటే ఆ వైద్యానికి ముఖ్యంగా కావలసినవి చెప్పులూ, కూచునే సమయమూ. ఆ రెండూ స్త్రీల చేతిలో లేవు.

వైద్యాన్ని విమర్శించే ముందు అది ఏం చెబుతోందో సరిగ్గా తెలుసుకోవాలి. 1990ల మొదట్లో హైదరాబాదు స్త్రీలు కలిసి తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం మనకి నేర్పిన పద్ధతి అదే. అందుకని ముందు మడమ నొప్పి సంగతి చూద్దాం.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి ప్రాణం పోయినంత పనవుతుంది. పది అడుగులు వేశాక కాస్త సర్దుకుంటుంది. ఎక్కువసేపు నిలబడితే మళ్ళీ మొదలు. దీన్ని డాక్టర్లు ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. మడమ ఎముక నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి కింద ఒక దళసరి పట్టీ ఉంటుంది. పాదం వంపుని వింటినారిలా బిగించి పట్టుకునేది అదే. గంటల తరబడి బరువు మోసి మోసి అది మడమ దగ్గర నలిగి సన్నగా చిట్లుతుంది. రాత్రి నిద్రలో బిగుసుకుంటుంది. పొద్దున్న ఒక్కసారిగా బరువు పడగానే సాగి కలుక్కుమంటుంది. ఎక్స్‌రే తీస్తే మడమ కింద ఎముక ముల్లులా కనిపించవచ్చు. 'ఎముక పెరిగింది' అనగానే మనవాళ్ళు హడలిపోతారు. ఏ నొప్పీ లేని చాలామంది మడమల్లోనూ ఆ ముల్లు ఉంటుంది. మామూలుగా నొప్పికి అసలు కారణం అది కాదు.

వైద్యం ఎంత సులువో చూడండి. మంచం దిగకముందే కూచుని, నొప్పి ఉన్న పాదాన్ని రెండో కాలి మోకాలి మీద పెట్టుకుని, వేళ్ళని చేత్తో పట్టుకుని వెనక్కి లాగి, పది లెక్కపెట్టేదాకా ఉంచాలి. అలా పదిసార్లు, రోజుకి మూడు విడతలు. గోడకి చేతులు ఆనించి పిక్కల్ని సాగదియ్యాలి. గట్టి నేల మీద వట్టి కాళ్ళతో తిరగకూడదు. మడమ కింద మెత్తగా, పాదం వంపు దగ్గర ఎత్తుగా ఉండే చెప్పులు వాడాలి. నిలబడే గంటలు తగ్గించాలి. ఇలా చేస్తే పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి ఏడాది లోపల తగ్గిపోతుంది. స్టెరాయిడ్ ఇంజెక్షను కొన్ని వారాలు నొప్పిని అణుస్తుంది. మళ్ళీ మళ్ళీ చేయించుకుంటే ఆ పట్టీ తెగే ప్రమాదం ఉంది, మడమ కింద మెత్తలా ఉండే కొవ్వు కరిగిపోయే ప్రమాదమూ ఉంది. అయినా చాలామంది ఇంజెక్షనే కావాలంటారు. పొద్దున్న ఇంజెక్షను చేయించుకుంటే సాయంత్రానికి మళ్ళీ పొయ్యి ముందు నిలబడవచ్చు గనక. మిగతా వైద్యమంతా ఇంట్లోవాళ్ళని ఏదో ఒకటి అడుగుతుంది. ఇంజెక్షను ఎవర్నీ ఏమీ అడగదు.

2003లో అమెరికా ఎముకల వైద్యపత్రికలో వచ్చిన ఒక అధ్యయనం ఈ నొప్పికి దారితీసే అంశాలు మూడింటిని విడివిడిగా గుర్తించింది. చీలమండ పైకి సరిగా వంగకపోవడం ఒకటి. అధిక బరువు ఒకటి. పనిరోజులో ఎక్కువ భాగం కాళ్ళ మీదే గడపడం ఒకటి. మూడింటిలో ముఖ్యమైనది మొదటిదని కూడా చెప్పింది. ఆసుపత్రిలో స్త్రీకి వినిపించేది మాత్రం బరువు ఒక్కటే. మా అమ్మని ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళినప్పుడు చూశాను. డాక్టరు ఆమె పాదాన్ని ముట్టుకోలేదు. చీలమండ ఎంత వంగుతోందో చూడలేదు. ఓసారి తేరిపార చూసి, "బరువు తగ్గాలమ్మా, వయసు కూడా వచ్చింది కదా" అన్నాడు. రోజుకి ఎన్ని గంటలు నిలబడతారు అని అడగలేదు. అడిగితే అమ్మ చెప్పేది. తెల్లవారి అయిదు నుంచి పది దాకా, మళ్ళీ సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా. ఎనిమిదిన్నర గంటలు. ఫ్యాక్టరీలో అయితే దాన్ని ఒక షిఫ్టు అంటారు. ఆసుపత్రి కాగితంలో వృత్తి అన్నచోట 'గృహిణి' అని ఉంది. దాన్ని చదివిన వాళ్ళందరికీ అర్థమైంది, ఈమెకి పనేమీ లేదని.

బరువు కారణం కాదని నేననడం లేదు. కానీ మన సమాజం లెక్కలో బరువు స్త్రీ చేసిన తప్పు, నిలబడటం స్త్రీ ధర్మం. తప్పు దిద్దుకోమని చెప్పడం ఎవరికైనా తేలికే. ధర్మం మానుకోమని చెప్పాలంటే ఆ డాక్టరు తన ఇంటి వంటగది వైపు కూడా ఓసారి చూడాల్సి వస్తుంది.

ఆ వంటగది వైపు మనమూ చూద్దాం. మా అమ్మమ్మ తరం మట్టినేల మీద, ముక్కాలిపీట మీద కూచుని వండింది. పొగ ఉండేది, కళ్ళమంట ఉండేది. ఆ కాలం బంగారమని నేననను. గ్యాసు పొయ్యి వచ్చింది, వంటగట్టు వచ్చింది, పొగ పోయింది. వంట నిలబడి చేసే పనయింది. అదే కాలంలో అలికిన నేల పోయి షాబాదు బండలు, మొజాయిక్, పాలరాయి, గ్రానైటు వరసగా వచ్చాయి. ఇల్లు అందంగా తయారైంది, నేల గట్టిపడింది. పీట వెళ్ళిపోయింది, దాని బదులు కుర్చీ రాలేదు. వంటగదికి ఎంత ఖర్చు పెట్టిన ఇంట్లోనైనా వండే మనిషి కూచోడానికి ఒక ఎత్తు స్టూలు ఉందేమో వెతకండి.

ఇక చెప్పులు. వంటింట్లో చెప్పులు శుభ్రం కోసం కూడదంటారు. శుభ్రమే కారణమైతే వీధి మొహం చూడని రబ్బరు చెప్పులతో పేచీ ఉండకూడదు. బాత్రూముకి విడిగా ఒక జత పెట్టుకున్న ఇంట్లో వంటింటికి ఇంకో జత ఎందుకు ఉండదు? అసలు సంగతి మడి. చెప్పు తోలుది. తోలు చచ్చిన గొడ్డుది. ఆ తోలు ఒలిచి, పదును చేసి, చెప్పుగా కుట్టిన చెయ్యి మాదిగది. చెప్పులు రబ్బరువీ ప్లాస్టిక్‌వీ అయ్యాయి గానీ మైల మాత్రం తోలు కాలం నాటిదే. ఊరందరికీ చెప్పులు కుట్టినవాళ్ళు ఊళ్ళోకి వచ్చేటప్పుడు తమ చెప్పులు చేత పట్టుకుని నడవాల్సి రావడం మన పల్లెల్లో నిన్నమొన్నటి మాట. అది హింస. అగ్రకుల స్త్రీ వంటింటి గుమ్మంలో చెప్పులు విడవడాన్ని దానితో సమానం చేస్తే అది అన్యాయమే. అయితే రెండింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే. ఒకరిని వీధిలోంచి తరిమిన మడే ఇంకొకరిని అన్నపూర్ణని చేసి వట్టి కాళ్ళతో బండల మీద నిలబెట్టింది. మడిని ముట్టుకోకుండా వంటింటిని విమర్శించినంత కాలం మన విమర్శ సగమే.

వంటిల్లు దాటి పొలంలోకి వస్తే వట్టి కాళ్ళ కథ ఇంకా బరువుగా ఉంటుంది. వరినాట్లు వేసేది స్త్రీలే. ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల స్త్రీలు. బురదనీళ్ళల్లో వంగి, వెనక్కి నడుస్తూ దినమంతా. వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసి, పుండు పడతాయి. ఇక్కడ వైద్యం ఏమిటి? కాళ్ళు కడుక్కుని, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి, ఫంగస్‌కి మందు రాసి, మానేదాకా నీళ్ళల్లో దిగకుండా ఉండటం. అంటే నాట్ల రోజుల్లో కూలి వదులుకోవడం. ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించే రోజులే అవి. మందు ట్యూబు ఖరీదు పెద్దది కాదు. దాని వెనక పోయే కూలి ఎవరిస్తారు?

పొలం పనికీ, బట్టల సబ్బుకీ, ఎండకీ మడమలు పగులుతాయి. వాటికీ వైద్యం చిన్నదే. రాత్రి కాళ్ళు నానబెట్టి, తుడుచుకుని, యూరియా ఉన్న క్రీముగానీ వ్యాజిలైన్‌గానీ దట్టంగా రాసి గుడ్డసాక్సు వేసుకోవడం. పగులు లోతైతే అందులోంచి చీము పట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇది అందం విషయం కాదు. అందం పేజీ మాత్రం దీన్ని సిగ్గుపడాల్సిన విషయంగానే అమ్ముతుంది. కష్టం చేసిన కాళ్ళు దాచుకోవాల్సినవట! ఆ పేజీ రాసే చిట్కాలు కొందరికి ప్రాణాంతకం కూడా. మధుమేహం ముదిరినవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే కాలినా తెలియదు. ఆనెల్ని బ్లేడుతో గీసుకుంటే పుండు పడినా తెలియదు. తెలిసేసరికి వేలో, పాదమో తీసెయ్యాల్సి రావచ్చు. వాళ్ళు రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, ఆనెల్ని డాక్టరుకే చూపించాలి, ఇంట్లోనూ చెప్పులు విడవకూడదు. మళ్ళీ అక్కడికే వచ్చాం. ఇంట్లో చెప్పులు.

బెణుకు సంగతి తీసుకోండి. కాలు మడతపడి చీలమండ బయటివైపు వాస్తే మనవాళ్ళు ముందు నూనె మాలీషు చేస్తారు, తర్వాత కట్టు కట్టించడానికి బయల్దేరతారు. వాచిన కాలిని గట్టిగా రుద్దితే వాపు పెరుగుతుంది. 1992లో కెనడాలోని ఒట్టావా వైద్యులు చెప్పిన గుర్తులు సులువు. చీలమండ దగ్గర నొప్పి ఉండి, నాలుగడుగులు కూడా వెయ్యలేకపోయినా, అక్కడి ఎముక గుబ్బల వెనక అంచున నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తియ్యాలి. అవేవీ లేకపోతే మామూలుగా అక్కర్లేదు. మొదటి రెండు రోజులు కాలు ఎత్తుగా పెట్టుకోవాలి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకోవచ్చు. తర్వాత మెల్లగా కదిలించాలి. వాపు తగ్గాక ఒంటికాలి మీద నిలబడే సాధన చెయ్యాలి. ఈ సాధన మానేస్తే అదే కాలు మళ్ళీ మళ్ళీ బెణుకుతుంది. కానీ "బెణుకేగా" అన్న ఒక్క మాటతో రెండోరోజే స్త్రీ లేచి బిందె ఎత్తుతుంది. ఇంట్లో మగవాడికి అదే బెణుకు వస్తే వారం రోజులు మంచం దగ్గరికి కంచం వెళ్తుంది. విశ్రాంతి అనేది మందు కాదు, ఒకరు పడుకుంటే ఇంకొకరు చెయ్యాల్సిన పని. ఆ ఇంకొకరి పేరు రాయకుండా విశ్రాంతి అని రాసిన చీటీ చెల్లని నోటు.

బయట జీతానికి నిలబడే స్త్రీల సంగతి వేరుగా ఉందా? బట్టల దుకాణాలు, నగల దుకాణాలు, సూపర్‌మార్కెట్లు చూడండి. విజయవాడలో ఒక పెద్ద బట్టల దుకాణంలో పనిచేసే అమ్మాయి నాతో చెప్పింది. పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా, అన్నం తినే అరగంట తప్ప కూచోకూడదు. బేరం లేకపోయినా కూచోకూడదు. గోడకి ఆనుకుంటే కెమెరాలో కనిపిస్తుంది. సాయంత్రానికి పాదాలు వాచి చెప్పులు పట్టవు. ఇరవై అయిదేళ్ళకే పిక్కల మీద నీలంగా నరాలు ఉబ్బాయి. చీరలు చూపించడానికి కుర్చీలో కూచోబెట్టేది మనల్ని. మనం కూచుని వంద చీరలు తీయిస్తాం.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షనులో నిలబడి పనిచేసే కార్మికులకి వీలు దొరికినప్పుడు కూచునే ఏర్పాటు ఉండాలని రాశారు. దుకాణం ఫ్యాక్టరీ కాదు, ఇల్లు అసలే కాదు. ఆ లోటుని ముందుగా పట్టుకున్నది కోళికోడ్ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు. విజి అనే దర్జీపని చేసే స్త్రీ నాయకత్వంలో 'పెణ్‌కూట్టు' అన్న పేరుతో కలిసి, మూత్రానికి వెళ్ళే హక్కు, కూచునే హక్కు కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించి కూచునే హక్కుని చేర్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఏ ఎముకల డాక్టరూ రాయని మందు చీటీని ఆ స్త్రీలు చట్టంలో రాయించారు. హైదరాబాదులో, వరంగల్లులో, విశాఖలో మనం చీరలు కొనే దుకాణాల్లో ఈ మాట ఎత్తాల్సింది ఎవరు? కొనేవాళ్ళం మనమే కదా.

సాహిత్యం చదువుకున్న దాన్ని కాబట్టి మనవాళ్ళ పుస్తకాలు కూడా తిరగేశాను. పాదం మన సాహిత్యంలో చిగురుటాకు, తామర, లత్తుక, అందెల చప్పుడు. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ ఎడమకాలితో కృష్ణుడి తల తన్నుతుంది. తన్నులు తిన్నవాడు, పులకించిన తన ఒంటి వెంట్రుకలు ఆమె పాదానికి ముళ్ళలా గుచ్చుకున్నాయేమోనని బాధపడతాడు. ప్రబంధాల్లో స్త్రీ కాలినొప్పిని మగవాడు పట్టించుకోవడం అంటే నాకు వెంటనే గుర్తొచ్చేది ఇదొక్కటే. అదీ రాణిగారి పాదం, తన్నిన పాదం. గోడ మీద క్యాలెండరులో లక్ష్మీదేవి విష్ణుమూర్తి కాళ్ళొత్తుతూనే ఉంటుంది. ఆమె కాళ్ళు ఎవరొత్తుతారని పిల్లలైనా అడగరు. పెళ్ళిలో కడిగేది అల్లుడి కాళ్ళు. పెళ్ళిచూపుల్లో నడిపించి చూసేది అమ్మాయి కాళ్ళు. బొటనవేలి కన్నా పక్కవేలు పొడుగైతే మొగుణ్ణి ఆడిస్తుందట. తిరిగే మగవాడు లోకం చూసినవాడు, తిరిగే ఆడది తిరుగుబోతు. నడిస్తే తప్పు, కూచుంటే బద్ధకం. మనకి మిగిలింది నిలబడటమే.

మరి మనం ఏం రాశాం? 1993లో 'నీలిమేఘాలు' వచ్చేనాటికి తెలుగు స్త్రీ తన శరీరం గురించి ధైర్యంగా మాట్లాడుతోంది. పైట, చూపులు, గర్భం, ప్రసవం అన్నీ రాజకీయమయ్యాయి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లలికి అలికి ఒకామె తన పేరే మర్చిపోతుంది. మనమంతా ఆమె పేరు కోసం వెతికాం, వెతకాల్సిందే. ఆమె మోకాళ్ళు, మడమలు ఏమయ్యాయని మన విమర్శకులం ఎంతమందిమి అడిగాం? శరీరం గురించి ఎన్ని సిద్ధాంత పత్రాలు చదివినా ఆ శరీరం దేని మీద నిలబడి ఉందో చూడలేదు. కామమూ మాతృత్వమూ సిద్ధాంతానికి పనికొచ్చాయి, అలసట పనికిరాలేదు.

క్యాన్సర్లూ రక్తహీనతా ఉండగా ఈ కాళ్ళనొప్పుల గోల ఏమిటని కొందరు అంటారు. పాదం నొప్పి చంపదు, నిజమే. నడక మాన్పిస్తుంది. నడక మానిన మనిషికి షుగరు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, ఒంటరితనం పెరుగుతుంది. సభకి రాదు, ఊరేగింపుకి రాదు, స్నేహితురాలి ఇంటి మెట్లెక్కదు. స్త్రీలని ఇంట్లో కూచోబెట్టడానికి కాపలా అవసరం లేదు, మడమ నొప్పి చాలు. మగవాళ్ళకి రావా అంటారు. వస్తాయి. బస్సు కండక్టరుకీ ట్రాఫిక్ పోలీసుకీ వస్తాయి, కూచునే హక్కు వాళ్ళకీ కావాలి. తేడా ఏమిటంటే డ్యూటీ దిగాక వాళ్ళకి ఇంట్లో కుర్చీ ఎదురుచూస్తుంది. అదే డ్యూటీ దిగిన కండక్టరమ్మకి పొయ్యి ఎదురుచూస్తుంది.

కాబట్టి డాక్టర్లు పాదాన్ని ముట్టుకుని చూడాలి. ఎన్ని గంటలు, ఏ నేల మీద నిలబడతారని అడిగి చీటీ మీద రాయాలి. విశ్రాంతి అని రాస్తే ఇంట్లో వాళ్ళని పిలిచి ఎవరు ఏ పని చెయ్యాలో చెప్పాలి. వంటింట్లో ఒక ఎత్తు స్టూలు, ఒక జత చెప్పులు ఉండాలి. దుకాణంలో కుర్చీ ఉండాలని మన రెండు రాష్ట్రాల స్త్రీల సంఘాలు గట్టిగా అడగాలి. ఇవన్నీ రేపటికి జరగవు. మన చేతుల్లో ఉన్నది ఒకటుంది. మన సదస్సుల్లో వేదిక మీద కుర్చీలుంటాయి, వేదిక కింద కుర్చీలుంటాయి. పొద్దున్నించి సాయంత్రం దాకా గుమ్మం పక్కన టీలు పట్టుకుని నిలబడే ఆమెకి ఉండదు. వచ్చే సభకి కుర్చీలు లెక్కపెట్టేటప్పుడు ఆమెని కూడా లెక్కలో వెయ్యండి.